గోడవైపు తిరిగిన ఎర్రబిళ్ళ

"రండి గురువుగారూ! మీరింకా రాలేదేమిటా అనే అనుకుంటున్నాను," అన్నాడు ఇన్‌స్పెక్టర్, కుర్చీలోంచి లేవకుండానే.

ఆ 'గురువుగారూ'లో మర్యాద పాలెంతో, వెటకారం పాలెంతో సందేహం గారికి బాగా తెలుసు. ఈ ఇన్‌స్పెక్టర్ ఒకప్పుడు ఆయన చేతికింద పనిచేసినవాడే. సందేహం అన్నది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు. పోలీసు ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ, కిందివాళ్ళు తెచ్చిన ప్రతి కేసునీ "నాకో చిన్న సందేహం" అంటూ వెనక్కి పంపేవారు. విసిగిపోయిన డిపార్ట్‌మెంటు ఆ మాటనే పేరుగా ఖాయం చేసింది. రిటైరై డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్నాక కూడా అది ఆయన్ని వదల్లేదు. ఇంట్లో భార్య సైతం "సందేహం గారూ, కాఫీ చల్లారిపోతోంది" అంటుంది.

"పిలవని పేరంటానికి రాలేదులేవోయ్. పిల్ల తల్లి అడిగితే వచ్చాను," అన్నారాయన, ఇంకో కుర్చీ లాక్కుని కూర్చుంటూ.

పిల్ల అంటే చిన్ని. అసలు పేరు థీసిస్ అట్ట మీద వేసుకోవడానికి భద్రంగా దాచుకుందని స్నేహితులు ఏడిపిస్తుంటారు. పీహెచ్‌డీలో నాలుగో ఏడు. నిన్న సాయంత్రం ఇదే యూనివర్సిటీ లైబ్రరీ సెల్లార్లో, రెండు ఇనప ర్యాకుల మధ్య నలిగిపోయి, తలకి దెబ్బ తగిలి, స్పృహ లేకుండా దొరికింది. పక్కటెముకలు విరిగాయి. స్పృహ వచ్చిందంటే గండం గడిచినట్టేనన్నాడు డాక్టరు.

పొద్దున్నే సందేహం గారు ఆసుపత్రికి వెళ్ళేసరికి ఆ తల్లి రాత్రంతా కూర్చున్న కుర్చీలోనే ఉంది. కళ్ళు ఉబ్బిపోయి, ఏమడిగినా సగం మాటే చెప్తోంది. అంతలో చిన్ని గైడు, పేరున్న ప్రొఫెసరు, చేతిలో పళ్ళ సంచీతో వచ్చాడు. "అమ్మా, నా కూతురులాంటి పిల్ల. నేను కూర్చుంటాను, మీరు కాస్త నడుం వాల్చండి" అన్నాడు. ఆ మాటకి సందేహం గారికి ప్రాణం కుదుటపడింది. "సార్ ఉంటారు, మీకు బెంగ లేదమ్మా" అని తానూ ఓ మాట సాయం చేసి మరీ ఇటు బయల్దేరారు.

ఇప్పుడు కూర్చున్నది లైబ్రరీ మొదటి అంతస్తులో, రీసెర్చి విద్యార్థులకి సాయం చేసే విభాగంలో. పొడుగాటి కౌంటరు, దాని వెనక ఒక పెద్దావిడ. ఏ మూలనున్న వ్యాసమైనా, ఏ ఊరి లైబ్రరీలో ఉన్న పుస్తకమైనా పట్టి తెప్పిస్తుంది కాబట్టి పిల్లలంతా ఆవిణ్ణి వెతుకుడక్క అంటారు. గోడ పొడుగునా రీసెర్చి వాళ్ళకిచ్చిన చిన్నచిన్న చెక్క గదులు, ఒక్కోదాంట్లో ఇద్దరేసి. చిన్ని గదిలో ఆమెతోపాటు కూర్చునే అమ్మాయి ఇప్పుడు ఇన్‌స్పెక్టర్ ఎదురుగా తల దించుకుని ఉంది. దళసరి కళ్ళజోడు. ఏడ్చి ఏడ్చి అద్దాలు మసకబారినా తుడుచుకోవడం లేదు.

"మీ శ్రమ తగ్గించాను గురువుగారూ," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ఈ అమ్మాయే కిందకి వెళ్ళింది. లోపల మనిషి ఉందో లేదో చూడకుండా చక్రం తిప్పింది. తర్వాత భయపడి కేకలు పెట్టింది. కావాలని చేసిందో, పొరపాటున చేసిందో స్టేషన్లో తేలుతుంది."

"నేను తిప్పలేదు!" కళ్ళజోడు ఒక్కసారి తలెత్తింది. "నేను వెళ్ళేసరికే ర్యాకులు దగ్గరగా ఉన్నాయండీ. మూలుగు వినిపించింది. అప్పుడు తిప్పాను, వెనక్కి! దాన్ని బయటకి లాగింది నేనే!"

"దొరికినవాడే దొంగ అన్నట్టుందోయ్ నీ లెక్క," అన్నారు సందేహం గారు. "కావాలని చేసినదైతే, మళ్ళీ తిప్పి బయటకి లాగి, ఊరంతా వినబడేట్టు అరుస్తుందా?"

"చేశాక బుర్ర తిరుగుతుంది, బుద్ధొస్తుంది. మన సర్వీసులో ఎన్ని చూడలేదు? అయినా నేను గాల్లో మేడ కట్టలేదు. ఇద్దరికీ పోటీ ఉందట, ఈ మధ్య మాటలు కూడా లేవట. వాళ్ళ గైడుగారే చెప్పారు."

"సార్ చెప్పారా? మాకు మాటల్లేవనా? నిన్న ఒకే డబ్బాలోంచి ఇద్దరం తిన్నామండీ!"

ఆ అమ్మాయి ఆశ్చర్యం నటన కాదనిపించింది సందేహం గారికి. ఆయన కుర్చీ కాస్త ముందుకి జరుపుకుని, మనవరాలితో మాట్లాడినట్టు గొంతు తగ్గించారు. "తింటూ ఏం మాట్లాడుకున్నారు తల్లీ?"

"అది సరిగ్గా తినలేదండీ. దాని విషయం బావుల గురించి. సముద్రానికి దగ్గర్లో మంచినీళ్ళ బావులు ఎందుకు ఉప్పబారతాయని. అదే విషయం మీద ఎప్పుడో, మేమెవరం పుట్టకముందు, ఎవరో ఆయన థీసిస్ రాసేశాడట. అక్క వెతికి పట్టిందని చెప్పింది. నా నాలుగేళ్ళూ నీళ్ళపాలేనేమోనే అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. చదివి చూసుకుని ఏడువు, ముందే ఎందుకు అన్నాను. సరే, ముందు సార్‌తో ఒక మాట చెప్పి అప్పుడు కిందకెళ్తానంది. ఆయనకి చెప్పకుండా చూస్తే బాగుండదంది."

"చెప్పిందా?"

"ఫోన్ చేసింది. ఏమన్నారే అంటే, వెళ్ళి చూడమన్నారు అంది. సాయంత్రం టీకి కలుద్దామనుకున్నాం. ఎంతకీ రాకపోతే నేనే కిందకి వెళ్ళాను."

సందేహం గారు కౌంటరు వైపు చూశారు. వెతుకుడక్క మొహం పాలిపోయి ఉంది.

"నిజమేనండీ, నేనే పట్టిచ్చాను," అంది ఆవిడ. "అది కంప్యూటర్లో లేదు. పాత థీసిస్‌లు చాలావరకూ ఇంకా ఎక్కలేదు. ఉన్నది ఒక్కటే ప్రతి. ఎవరైనా వచ్చి, అక్కా ఇది దొరకట్లేదు అంటే నాకు కూర్చోబుద్ధి కాదు. పాత కార్డులన్నీ తిరగేశాను. దొరగ్గానే ఎంత సంబరపడ్డానో! ఆ సంబరమే పిల్ల ప్రాణం మీదకి తెచ్చింది."

"మీరేం చేశారమ్మా, మీ పని మీరు చేశారు," అన్నారు సందేహం గారు. "నిన్న ఆ సమయంలో మీరెక్కడున్నారు?"

"పై హాల్లో. కొత్తగా చేరిన రీసెర్చి పిల్లలకి క్లాసు. పుస్తకాలు ఎలా వెతకాలి, ఏది ఎక్కడినుంచి తీసుకున్నామో ఎలా రాయాలి, ఇవన్నీ నేర్పిస్తాం. ఆ రోజు మా స్టాఫ్ అంతా అక్కడే ఉంటారు. కొత్త పిల్లలందరికీ మమ్మల్ని పరిచయం చేస్తాం."

"విన్నారుగా," ఇన్‌స్పెక్టర్ లేచి నిలబడ్డాడు. "స్టాఫ్ మొత్తం హాలు నిండా జనం ముందున్నారు. కింద ఉన్నది ఈ రెండు పిట్టలే. ఒకటి ఆసుపత్రిలో ఉంది. ఇంకోదాన్ని నేను తీసుకెళ్తున్నాను. లేమ్మా."

"నాకో చిన్న సందేహం," అన్నారాయన.

"అనుకున్నాను!"

"సెల్లారు చూడకుండా నిర్ణయం చెప్పేశావు. నేను చూస్తాను, నువ్వూ రా. ఈ పిల్ల ఎక్కడికీ పారిపోదు. కళ్ళజోడు తుడుచుకునే ఓపిక కూడా లేదు దానికి."

ఇన్‌స్పెక్టర్ పళ్ళు నూరుకుంటూనే తాళాలు తీశాడు. ఒక్క విషయంలో అతన్ని మెచ్చుకోవాలి. నిన్న సాయంత్రమే సెల్లారుకి తాళం వేయించి, చీమని కూడా దూరనివ్వలేదు. ఆ మాటే సందేహం గారు మెట్లు దిగుతూ పైకి అన్నారు. "మీరు నేర్పిందే కదా," అన్నాడు ఇన్‌స్పెక్టర్, ఈసారి కాస్త మెత్తగా.

సెల్లార్లో పాత కాగితం వాసన. కిటికీ అన్నది లేదు. ఇనప ర్యాకులు ఎనిమిది, నేలలో దించిన పట్టాల మీద ఒకదాన్నొకటి ఒరుసుకుని నిలబడ్డాయి. ఒక్కోదానికీ ముందువైపు ఓ పెద్ద చక్రం. చక్రం తిప్పితే ర్యాకు పక్కకి జరుగుతుంది. ఒకచోట మనిషి పట్టే సందు తెరుచుకుంటే, ఇంకోచోట ఉన్న సందు మూసుకుపోతుంది. స్థలం మిగుల్చుకోవడానికి చేసిన ఏర్పాటు. సందులో మనిషి ఉండగా అవతల ఎవరైనా చక్రం తిప్పితే అంతే సంగతులు.

"అందుకే ఈ బిళ్ళలు," అంది వెతుకుడక్క. తలుపు పక్కన చెక్క పలక, దానికి వరసగా ఎనిమిది మేకులు, మేకుకో బిళ్ళ వేలాడుతోంది. అరచేయంత రేకు బిళ్ళ, ఒకవైపు ఎరుపు, రెండోవైపు తెలుపు, పైన తాడు. "సందులోకి వెళ్ళేవాళ్ళు ఒకటి తీసి ఆ చక్రానికి తగిలించాలి. ఎర్రబిళ్ళ ఉంటే ఎవరూ చక్రం ముట్టుకోరు. పనయ్యాక తెచ్చి మళ్ళీ మేక్కి పెట్టెయ్యాలి. మొదటిరోజే అందరికీ చెప్తాం."

ఇన్‌స్పెక్టర్ చేత్తో పలక చూపించాడు. "ఎనిమిది మేకులు, ఎనిమిది బిళ్ళలు. అంటే ఏమిటి? చిన్ని బిళ్ళ తియ్యనేలేదు. అజాగ్రత్త. కళ్ళజోడు చూసుకోకుండా తిప్పేసింది. దీనికి ఇంత బుర్ర బద్దలు కొట్టుకోవాలా గురువుగారూ?"

సందేహం గారు ముందు చిన్ని పడిపోయిన సందులోకి వెళ్ళారు. ర్యాకు నిండా పాత థీసిస్‌లు, నల్ల అట్టలు, వెనక బంగారు అక్షరాలు సగం చెరిగిపోయి. ఒక్కో పుస్తకం వెనక ఒక్కో మనిషి నాలుగేళ్ళో ఐదేళ్ళో ఉంటుంది కదా అనిపించింది ఆయనకి. ఇంట్లోవాళ్ళ పెళ్ళిళ్ళు మానుకుని, కళ్ళు పోగొట్టుకుని రాస్తే, చివరికి ఇలా నేల కింద చీకట్లో నిలబడుతుంది. ఎవరో ఒక చిన్ని వచ్చి తీసేదాకా అంతే.

వరస మధ్యలో ఒక పుస్తకం పట్టేంత ఖాళీ ఉంది. వెతుకుడక్క తొంగిచూసి, "అదే! ఆ థీసిస్ ఉండాల్సిన చోటదే!" అంది. "ఇవి ఎవరికీ ఇంటికివ్వం. ఇక్కడే చదువుకుని వెళ్ళాలి."

"చిన్ని చేతిలో ఉందేమో," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"నిన్న నువ్వు రాసుకున్న సామాన్లలో ఉందా?"

లేదు. ఇన్‌స్పెక్టర్ గడ్డం గోక్కున్నాడు. కళ్ళజోడు సంచీ నిన్నే సోదా చేశాడు, అందులోనూ లేదు. ఇష్టం ఉన్నా లేకపోయినా, ఈ సందేహం అతనికీ పట్టుకుంది.

సందేహం గారు మళ్ళీ పలక దగ్గరకొచ్చి, జేబులోంచి భూతద్దం తీశారు. ఒక్కో బిళ్ళనీ ముట్టుకోకుండా చూసుకుంటూ వెళ్ళి ఐదోదాని దగ్గర ఆగిపోయారు.

"పైనున్న అమ్మాయిని ఒకసారి పిలిపించవోయ్."

కళ్ళజోడు వచ్చింది. తలుపు దగ్గరే నిలబడి లోపలికి అడుగు పెట్టలేకపోయింది.

"తల్లీ, చిన్ని ఎప్పుడైనా బిళ్ళ పెట్టకుండా సందులోకి వెళ్ళేదా?"

"ఎవరూ, చిన్నీనా?" ఏడుపులోనూ ఆ అమ్మాయికి నవ్వొచ్చింది. "దానికి ఈ సెల్లారంటే చచ్చేంత భయం. ఊరికే తగిలిస్తే జారిపోతుందేమోనని తాడుని చక్రానికి కట్టేసేది. ఒకటి కాదు, మూడు ముళ్ళు. చక్రంగారితో నీ పెళ్ళి అయిపోయిందే, ఇంక థీసిస్ ఎందుకూ అని ఏడిపించేవాళ్ళం."

సందేహం గారు భూతద్దం ఇన్‌స్పెక్టర్ చేతికిచ్చారు. "ఐదో బిళ్ళ తాడు చూడు."

మిగతా ఏడు తాళ్ళూ నున్నగా, తిన్నగా వేలాడుతున్నాయి. ఐదోది ముడతలు పడి ఉంది. మూడుచోట్ల. గట్టిగా బిగించిన ముడి విప్పాక తాడు పడే వంకర.

"బిళ్ళ తీసింది. చక్రానికి కట్టింది. కట్టి లోపలికి వెళ్ళింది," అన్నారు సందేహం గారు మెల్లగా. "ఆ మూడు ముళ్ళూ ఎవరో ఓపిగ్గా విప్పారు. లోపల మనిషి ఉందని తెలిసే విప్పారు. ఇది పొరపాటు కాదోయ్."

కళ్ళజోడు రెండు చేతులతో నోరు మూసుకుంది.

"అయితే హత్యాప్రయత్నమే," ఇన్‌స్పెక్టర్ గొంతు సవరించుకున్నాడు. "అప్పుడు ఈ అమ్మాయి మీద కేసు ఇంకా గట్టిపడింది గురువుగారూ. ముళ్ళ సంగతి తెలిసింది ఈమెకే. ఇప్పుడు ఈమె నోటితోనే విన్నాం."

"తను చేసినదైతే ఆ ముళ్ళ సంగతి నీకూ నాకూ నోరారా చెప్తుందా? సరే, అదలా ఉంచు. ఇంకో చిన్న సందేహం. అమ్మా," వెతుకుడక్క వైపు తిరిగారు, "ఏడు బిళ్ళలు ఎర్రవైపు కనబడేట్టు ఉన్నాయి. ఇదొక్కటే తెల్లవైపు కనబడుతోంది. ఎరుపు గోడకి తిరిగింది. ఎందుకని?"

"గాలికి తిరిగుంటుంది," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"కిటికీ లేని సెల్లార్లో ఏం గాలోయ్? దగ్గరకి రా. తాడు మేకుకి ఊరికే తగిలించలేదు. ఒక చుట్టు చుట్టి బిగించారు, బిళ్ళ అటూ ఇటూ తిరక్కుండా. ఇది ఒక పద్ధతి ప్రకారం జరిగింది. ఎవరి పద్ధతి?"

వెతుకుడక్క పలక దగ్గరకొచ్చింది. నిన్నటినుంచి సెల్లారుకి తాళమే కాబట్టి ఆవిడ ఈ బిళ్ళల్ని చూడటం ఇదే మొదటిసారి. చూసి, కనుబొమలు ముడిచింది.

"ఇది మేము చేసేది కాదండీ. ఎరుపు బయటికి ఉంచమనే చెప్తాం, మసక వెలుతుర్లో కనబడుతుందని. ఇలా తిప్పిపెట్టడం... ఇది పాత పద్ధతి. పాత ర్యాకులప్పటిది. అప్పట్లో సెల్లార్లో పనిచేసేవాళ్ళు సందంతా నడిచి చూసుకుని, మనిషి లేడని నిర్ధారించుకున్నాకే బిళ్ళని మేకుకి పెట్టేవాళ్ళట. చూశామని గుర్తుగా తెలుపు బయటికి తిప్పి, ఓ చుట్టు చుట్టేవాళ్ళట. తెలుపు కనబడిందంటే లోపల ఎవరూ లేరు, చక్రం తిప్పుకోవచ్చు అని అర్థం. అదెప్పుడో పోయింది. నేనిక్కడ చేరేనాటికే లేదు."

"ఇప్పటి స్టాఫ్‌లో ఆనాటివాళ్ళు?"

"ఒక్కరూ లేరు. అందరూ రిటైరైపోయారు."

"మరి మీరు లేనప్పటి పద్ధతి మీకెలా తెలిసిందమ్మా? చుట్టు చుట్టడంతో సహా?"

వెతుకుడక్క చెయ్యి మెల్లగా పైకి లేచి పక్కనున్న ర్యాకుని పట్టుకుంది.

"ఆయన చెప్తారండీ. ప్రతి ఏడూ కొత్త పిల్లల క్లాసుకి వచ్చి చెప్తారు. నేనూ ఈ సెల్లార్లో బిళ్ళలు తగిలించినవాణ్ణే, పగలు ర్యాకులు తోసి, ఖాళీ దొరికినప్పుడల్లా ఇక్కడే కూర్చుని థీసిస్ రాశాను, మీరెందుకు రాయలేరు అంటారు. చేత్తో గాల్లో చేసి చూపిస్తారు, ఇలా తిప్పి, ఇలా ఒక చుట్టు అని. పిల్లలు చప్పట్లు కొడతారు. నిన్న కూడా చెప్పారు. ఎప్పుడూ మాకంటే ముందొచ్చి కూర్చునే మనిషి, నిన్న మాత్రం క్లాసు సగమయ్యాక వచ్చారు. కొంచెం రొప్పుతున్నారు. మెట్లెక్కి వచ్చారేమో అనుకున్నాను."

"ఎవరు?" అన్నాడు ఇన్‌స్పెక్టర్, తెలిసి కూడా.

"చిన్ని వాళ్ళ సార్," అంది కళ్ళజోడు. "సార్‌కి పేరు తెచ్చిన థీసిస్ కూడా ఉప్పబారే బావుల మీదే. ఆయన రాసింది ఈ పాత థీసిస్ తర్వాతే."

ఆ పాత థీసిస్‌లోంచి ఎత్తి రాసుకున్నవాడికి అది బయటపడితే పేరూ పరువూ పోతాయి. చిన్ని మాత్రం ఆయన్ని అనుమానించలేదు. ఆ సంగతే సందేహం గారి గుండెని పిండేసింది. తన కష్టం వృథా అయిందేమోనన్న బెంగతో, గురువుకి చెప్పకుండా పుస్తకం తెరవడం మర్యాద కాదని ఫోన్ చేసింది పిచ్చిపిల్ల. అవతలివాడు, వెళ్ళి చూడమ్మా అన్నాడు. అని, తానూ బయల్దేరాడు. మూడు ముళ్ళూ విప్పాడు. చక్రం తిప్పాడు. కావలసిన పుస్తకం ఎప్పుడు తీసుకున్నాడో, పిల్ల చేతిలోంచి రాలాక తీసుకున్నాడో, అవన్నీ తర్వాత తేలతాయి. వెళ్ళేటప్పుడు మాత్రం బుర్ర చెప్పకుండానే చెయ్యి తన పాత పని తాను చేసుకుపోయింది. ప్రొఫెసరు గారి చెయ్యి కాదది. ఎప్పటిదో ఆ సెల్లారు కుర్రాడిది. లోపల పిల్ల మూలుగుతుంటే, 'లోపల ఎవరూ లేరు' అని గుర్తు పెట్టి మెట్లెక్కాడు. ఎక్కి, కష్టపడితే పైకి రావచ్చని కొత్త పిల్లలకి చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాడు. కంచే చేను మేయడమంటే ఇదే.

సందేహం గారు గబుక్కున ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగారు.

"ఆసుపత్రిలో కాపలా ఎవరున్నారు?"

"ప్రమాదం కేసుకి కాపలా ఎందుకని... పెట్టలేదు."

"నీదేముందిలే. సార్ ఉంటారు, బెంగ లేదమ్మా అని ఆ మనిషిని మంచం పక్కన కూర్చోబెట్టి వచ్చిన పెద్దమనిషిని నేను!" తలమీద కొట్టుకున్నారాయన. ముప్పై ఏళ్ళు ప్రతివాణ్ణీ అనుమానించిన మనిషి, సరిగ్గా అనుమానించాల్సిన చోట పళ్ళ సంచీ చూసి మెత్తబడిపోయాడు.

ఇద్దరూ మెట్ల మీదకి పరుగెత్తారు. "జీపు తియ్యండ్రా!" అని ఇన్‌స్పెక్టర్ కింద నుంచే అరిచాడు. "జాగ్రత్త గురువుగారూ, మెట్టుంది," అంటూ ఆయన మోచెయ్యి పట్టుకున్నాడు. ఈసారి ఆ పిలుపులో వెటకారం లేదు.

సగం మెట్లెక్కేసరికి సందేహం గారి ఫోన్ మోగింది. చిన్ని తల్లి.

"అన్నయ్యగారూ! కళ్ళు తెరిచిందండీ నా తల్లి! ఇప్పుడే! మీకే ముందు చెప్దామని..." ఆవిడ ఏడుస్తోంది, నవ్వుతోంది.

"మీరెక్కడున్నారమ్మా?"

"కింద క్యాంటీన్లో. సారే పంపారండీ. పొద్దున్నుంచీ మీరు ఏమీ తినలేదు, వెళ్ళి టీ తాగి రండి, నేనున్నాగా అన్నారు. దేవుడిలాంటి మనిషి."

"డాక్టరు వచ్చాడా? నర్సు ఉందా గదిలో?"

"నర్సుని కూడా సారే పంపారు, డాక్టర్ని పిలుచుకు రమ్మని. ఒక్కటే అర్థం కాలేదు అన్నయ్యగారూ. కళ్ళు తెరిచి నన్ను చూసి నవ్వబోయింది. నా వెనకాల సార్‌ని చూసింది, అంతే. గట్టిగా మూసేసుకుంది. ఎంత పిలిచినా పలకదు. నా వేలు మాత్రం పట్టుకుని వదల్లేదు, విడిపించుకుని రావాల్సి వచ్చింది. గురువంటే పిల్లకి ఎంత భయమో చూడండి!"

"అమ్మా!" సందేహం గారి అరుపుకి పై అంతస్తు చదువుల గదిలో తలలన్నీ లేచాయి. "ఆ టీ అక్కడే పారేసి పైకి పరుగెత్తండి! దారిలో కనబడిన ప్రతివాణ్ణీ వెంటేసుకుని, అరుస్తూ పరుగెత్తండి!"